ఎగిరిపడే ఎంప్టీలు: పిస్టల్ లైనుకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో చెయ్యి కుదిరి, పాతిక మీటర్ల పాయింట్ టూ టూ (.22 అంగుళాల తూటా) లైనుకి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. "ఇన్నాళ్లూ నువ్వు కాల్చినప్పుడు పిస్టల్లోంచి ఒక్కటే బయటికొచ్చేది, అది ముందుకే పోయేది. ఇకమీదట రెండొస్తాయి బాబూ. ముందుకి పోయేదానికి ఎంత పూచీ పడతావో, పక్కకి పడేదానికీ అంతే పూచీ పడాలి."

సగం మంది నవ్వేస్తారు. తూటా పోయాక మిగిలిన ఇత్తడి డొల్లకి ఇంత గొడవేటి మేస్టారూ అంటారు. ఆ డొల్లనే మేం ఎంప్టీ అంటాం. మొదటి మ్యాగజైన్ అయ్యేసరికి పక్కనుంచి వేడివేడిది ఒకటి కాలర్లో పడుతుంది. అప్పుడు చెవి ఇటు పెడతారు.

నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు భీమిలి దారిలో ఒక ప్రైవేటు రేంజిలో పిస్టల్ లైను చూసుకుంటున్నాను. గురి నేర్పే కోచ్‌లు వేరే ఉన్నారు, ఆ జోలికి నేను పోను. ఆయుధాలు శుభ్రం చెయ్యడం, తూటాలు లెక్కపెట్టి ఇవ్వడం, పేలాక ఎంప్టీలు లెక్కపెట్టి తీసుకోవడం, ఇదీ నా పని. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పాతిక మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ ఎయిర్ పిస్టల్‌లో రెండు కంచు పతకాలు తెచ్చింది. ఆ ఊపులో మా దగ్గరికి పిల్లలొస్తున్నారు, పిల్లల వెనకాల అమ్మానాన్నలొస్తున్నారు. గురి గురించి చెప్పేవాళ్లు వాళ్లకి బోలెడుమంది. ఎంప్టీల గురించి చెప్పేవాళ్లే కనబడరు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు అది బయటికెలా వస్తుందో రెండు ముక్కల్లో. మందు అంటుకోగానే ఆ ఒత్తిడికి కేసు, అంటే ఆ ఇత్తడి డొల్ల, ఉబ్బి చాంబర్ (తూటా కూర్చునే గూడు) గోడలకి అతుక్కుపోతుంది, గ్యాసు వెనక్కి తన్నకుండా అడ్డం పడుతుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని వదులవుతుంది. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిపిన ఇత్తడికి ఈ గుణం ఉంది కనకే కేసులకి దాన్నే వాడతారు. స్లైడ్, అంటే పిస్టల్‌లో ముందుకీ వెనక్కీ జారే భాగం, వెనక్కి పోతూ పోతూ ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెంతో కేసు అంచు పట్టుకుని లాక్కెళ్తుంది. వెనకాల ఎజెక్టర్ తగిలి, కేసు తిరగబడి, పక్కనున్న కిటికీలోంచి ఎగిరిపోతుంది. చాలా పిస్టళ్లలో అది కుడిచేతి వైపు, కొంచెం వెనక్కి. రివాల్వర్‌కి ఈ బెడద లేదు. సిలిండర్ తెరిచి మీరు తోసేదాకా ఎంప్టీలు లోపలే కూర్చుంటాయి.

ఒంటి మీద పడితే

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే చదివి వెళ్లిపోతానంటే ఇది చదవండి.

ఎంప్టీ వల్ల మహా అయితే ఒక బొబ్బ లేస్తుంది, అంతే. ప్రమాదం ఆ క్షణాన చేతిలో ఉన్న పిస్టల్‌తో. మెడ దగ్గర చురుక్కుమనగానే మనిషి గెంతుతాడు. ఖాళీ చెయ్యి చొక్కాలోకి పోతుంది, ఒళ్లు మెలి తిరుగుతుంది, ఒంటితోపాటు పిస్టలూ తిరుగుతుంది. వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. ఎంప్టీని బయటికి విసిరిన ఆ స్లైడే ముందుకొస్తూ తర్వాతి తూటాని చాంబర్లోకి ఎక్కించేసి ఉంటుంది. అంటే మీరు గెంతులేస్తున్నది కాల్చడానికి సిద్ధంగా ఉన్న ఆయుధం పట్టుకుని.

కాబట్టి వరస ఇది. వేలు తియ్యి. మూతి బట్ (టార్గెట్ల వెనక తూటాల్ని ఆపే గట్టు) వైపే ఉంచు. పిస్టల్ బల్ల మీద పెట్టు. ఆ తర్వాత దులుపుకో. ఆ రెండు సెకన్లూ కాలితే కాలనీ.

చెప్తే అందరికీ అర్థమవుతుంది, ఒంటికి తగిలినప్పుడు ఎవరికీ గుర్తుండదు. అందుకని మేం దీన్ని సాధన చేయిస్తాం. పిస్టల్ పూర్తిగా ఖాళీ చేయించి, మ్యాగజైన్ పక్కన పెట్టించి, ఆ చాంబర్ ఖాళీ అని నేనూ చూసి, గురి పెట్టి నిలబడమంటాను. వెనకనుంచి కాలర్లో ఐసు ముక్క పడేస్తాను. వేస్తానని ముందే చెప్తాను, ఎప్పుడేస్తానన్నది మాత్రం చెప్పను. వైజాగ్ ఉక్కలో చల్లటి ఐసు వీపు మీద జారినా మనిషి అచ్చం అలాగే ఎగిరిపడతాడు. మూతి పక్కకి తిరిగిందా, మళ్లీ మొదటికి. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి అయితే ఐసు నడుం దాకా జారిపోయినా కదలకుండా, పిస్టల్ బల్ల మీద పెట్టి, చాంబర్ ఖాళీ అని చూపించే సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, అప్పుడు వెనక్కి తిరిగి, "అయిపోయిందా సార్?" అంది. ఆ అమ్మాయికి ఆరోజే లైవ్, అంటే నిజం తూటాలు, ఇప్పించాను.

బట్టల సంగతి

కొందరు రౌండ్ నెక్ టీషర్టు, మోకాళ్ల దాకా నిక్కరు, కాళ్లకి చెప్పులతో దిగిపోతారు. ఎండ, ఉక్కపోత, నిజమే. అయినా మెడ దగ్గర బిగుతుగా ఉండే కాలర్ చొక్కా వేసుకుని పైగుండీ పెట్టుకోవాలి. నూలు బట్టే మంచిది, సిల్కులాగా మెరిసే సింథటిక్ చొక్కాలు వేడికి ఒంటికి అతుక్కుంటాయి. చెప్పులొద్దు, వేళ్ల సందులో ఎంప్టీ ఇరుక్కుంటే దాన్ని విదిలించడానికి ఒంటికాలి మీద కుప్పిగంతులు వెయ్యాలి. బూట్లు వేసుకోండి. చున్నీ వేసుకునే అమ్మాయిలు దాన్ని తీసి బ్యాగులో పెట్టుకోవడమే నయం. పిన్నులు పెట్టినా దాని మడతల్లో ఎంప్టీలు ఆగిపోతాయి.

టోపీ గురించి మాత్రం నేను రాజీపడను. ముందు అంచున్న టోపీ ఉండాలి, అద్దాలుండాలి. రెండూ కలిసే ఉండాలి. అద్దాలొక్కటే పెట్టుకుంటే పైనుంచి పడ్డ ఎంప్టీ అద్దానికీ కనుబొమకీ మధ్య సందులోంచి జారి, బుగ్గకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటుంది. కంటికింద చర్మం ఎంత పల్చనో తెలుసు కదా. టోపీ అంచు ఆ సందుని కప్పేస్తుంది. చత్వారం అద్దాలు సరిపోవు, పక్కల నుంచి కూడా మూసుకుని ఉండే సేఫ్టీ గ్లాసులే కావాలి.

ఎక్కడ నిలబడాలి

ఎంప్టీలు కుడికి పోతాయి కనక, కుడిచేతివాటం వాడికి తన ఎంప్టీ తనకి తగలడం అరుదు, కుడిపక్క వాడికి తగులుతుంది. అందుకే ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల్లో పాతిక మీటర్ల రేంజికి షూటర్ల మధ్య పారదర్శకమైన తెరలుండాలని రాశారు. ఎంప్టీ అటు పోకూడదు, రేంజి ఆఫీసర్‌కి మాత్రం అందరూ కనబడాలి. ర్యాపిడ్ ఫైర్ అనే పోటీ సంగతి చూడండి. అయిదు టార్గెట్లు, అయిదు షాట్లు, ముందు 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4 సెకన్లలో. ఆ 4 సెకన్ల సిరీస్‌లో మొదటి ఎంప్టీ నేల తాకి దొర్లుతుండగానే చివరిది గాల్లో ఉంటుంది. తెర లేకపోతే పక్కవాడు గురి మీద కాదు, ఎడమవైపునుంచి వచ్చే ఎంప్టీని ఎలా తప్పించుకోవాలా అన్న దాని మీద ఉంటాడు.

ఎడమచేతివాటం వాళ్లది వేరే తంటా. ఒంటిచేత్తో ఎడమభుజం ముందుకి పెట్టి నిలబడితే ఛాతీ, మొహం రెండూ పిస్టల్‌కి కుడివైపునే ఉంటాయి, అంటే సరిగ్గా ఎంప్టీ దారిలో. ఇలాంటివాళ్లకి టోపీ, అద్దాలు రెట్టింపు అవసరం. నిలబడే కోణం కొద్దిగా మార్చి చూడమని కోచ్‌ని అడగండి.

ఇంకొకటి, కుడివైపు చివరి లేనులో (లేను అంటే ఒక్కో షూటర్‌కి కేటాయించిన వరస) గోడ ఉంటే ఎంప్టీ గోడకి కొట్టుకుని తిరిగి మీ మీదికే వస్తుంది. ఖాళీ లేను దొరికింది కదా అని కొత్తవాళ్లు అక్కడికే పోతారు. వద్దు. లేదా ఆ గోడకి మెత్తటిదేదైనా వేలాడదీయించండి.

వల

మా రేంజిలో ఎంప్టీల గోల సగానికి సగం తగ్గించింది చేపల వల. బయట దొరికే బ్రాస్ క్యాచర్లు ఉన్నాయి, పిస్టల్‌కి తగిలించేవి కొన్ని, స్టాండు మీద నిలబెట్టేవి కొన్ని. పిస్టల్‌కి తగిలించే సంచి నాకు నచ్చదు. బరువు మారుతుంది, కిటికీ దగ్గర ఎంప్టీ అడ్డం తిరిగి ఇరుక్కునే అవకాశం పెరుగుతుంది. స్టాండు మీద వలే సుఖం. అది మన ఊళ్లో ఫిషింగ్ హార్బర్ దగ్గర పాత ముక్కలుగా దొరుకుతుంది.

కొనేటప్పుడు వల కన్ను చూడండి. .22 కన్నా పెద్దదైన 9 ఎంఎం పిస్టల్ తూటా కేసు పొడవు 19 మిల్లీమీటర్లు, లావు దాదాపు 10. మన .22 కేసు పొడవు 15, 16 మధ్య, అంచు దగ్గర లావు 7 మిల్లీమీటర్లు. చిటికెనవేలు దూరే కన్నున్న వల తెస్తే 9 ఎంఎం ఆగుతుంది, .22 నిలువుగా తగిలినప్పుడు తుర్రుమంటుంది. రొయ్యల వలలాంటి చిన్నకన్ను కావాలి. "చేపకా, రొయ్యకా?" అని అడిగితే రొయ్యకని చెప్పండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

ప్లాస్టిక్ పైపులతో నడుం ఎత్తునుంచి తల ఎత్తు దాకా వచ్చే చట్రం చేసి దానికి వల కట్టాలి. ఇక్కడే అందరూ పొరబడతారు. మంచానికి నవారు కట్టినట్టు బిగించి కట్టేస్తారు. బిగుతు వలకి తగిలిన ఎంప్టీ బంతిలా వెనక్కొచ్చి కాల్చేవాడి మోచేతి మీద పడుతుంది. వల వదులుగా, మధ్యలో కడుపు జారినట్టు వేలాడాలి. అప్పుడు తగిలింది తగిలినట్టే ఊపు చచ్చి కిందికి జారిపోతుంది. అడుగున వలని మడిచి సంచిలా కుట్టండి, ఎంప్టీలు అందులోకే చేరతాయి. నైలాన్ కాలిపోదా అని అడుగుతారు. ఎంప్టీ తగిలి ఆగకుండా జారిపోతుంది కాబట్టి కాలదు. రోజుల తరబడి వాడాక అక్కడక్కడ దారాలు గట్టిపడతాయి, అప్పుడు ఆ ముక్క మార్చండి.

పెట్టే చోటు కూడా ఉంది. కిటికీకి సూటిగా, కుడివైపు, ఒక చెయ్యి దూరంలో, కొంచెం వెనక్కి. ఫైరింగ్ పాయింట్ గీత దాటి ముందుకి మాత్రం రాకూడదు, పక్క లేను మూతికి అడ్డం రాకూడదు, రేంజి ఆఫీసర్ చూపుకి అడ్డం రాకూడదు. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం గాలి లేస్తుంది, చట్రం కాళ్లకి ఇసక సంచులు కట్టకపోతే అది వెళ్లి పక్కవాడి మీద పడుతుంది.

ఎప్పుడు, ఎలా ఏరాలి

కాల్పులు జరుగుతుండగా వంగొద్దు. ఇందులో బేరం లేదు. మీరు మీ మ్యాగజైన్ కాల్చేసి ఉండొచ్చు, పక్కవాడు కాల్చలేదు. ముందుకి దొర్లిన ఎంప్టీ గీత దాటి అర అడుగు దూరంలో మెరుస్తూ కనబడినా సరే, అది సీజ్ ఫైర్ (కాల్పులు ఆపమన్న మాట) దాకా అక్కడే ఉంటుంది. రేంజి ఆఫీసర్ చెప్పి, అన్ని పిస్టళ్లూ అన్‌లోడ్ చేసి, చాంబర్లలో సేఫ్టీ ఫ్లాగులు పెట్టి, అందరూ బల్లలకి దూరం జరిగాకే గీత దాటాలి. ఆ సమయంలో ఎవరూ పిస్టల్ ముట్టుకోకూడదు, తుడవడానికి కూడా.

ఈలోగా కాలికింద చేరినవాటిని బూటు పక్కతో మెల్లిగా వెనక్కి తోసుకోవచ్చు. తోసుకోవాలి కూడా. నున్నటి సిమెంటు గచ్చు మీద .22 ఎంప్టీల్లో నడవడమంటే ఆవాలు చల్లిన గచ్చు మీద నడవడమే. లోడైన పిస్టల్ పట్టుకుని జారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. కింద రబ్బరు మ్యాట్ వేస్తే ఎంప్టీలు పెద్దగా దొర్లవు. కొబ్బరిపీచు పట్టాలు, తివాచీలు వెయ్యొద్దు, మెత్తగా ఉన్నాయి కదా అని వేస్తుంటారు. సగం కాలిన మందు రవ్వలు, సీసం దుమ్ము వాటి పీచులో దూరి కూర్చుంటాయి. దులిపితే సీసం గాల్లో, దులపకపోతే నిప్పుకి సిద్ధంగా మందు.

ఏరడానికి అయస్కాంతం పనికిరాదు, ఇత్తడిని అది పట్టదు. (ఉక్కు కేసులైతే పడుతుంది. ఒక అయస్కాంతం తిప్పి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.) గచ్చు మీదైతే రబ్బరు వైపరుతో ఒక మూలకి చేర్చి ప్లాస్టిక్ చేటతో ఎత్తండి. పొడి చీపురుతో ఊడ్వొద్దు, ముందు నీళ్లు చిలకరించండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, సన్నటి దుమ్ము దాని వెనకనుంచి మళ్లీ గాల్లోకే వస్తుంది. మా దగ్గర బయటి లైనులో నేల ఎర్రమట్టి. వాన పడితే ఎంప్టీలు అందులో దిగబడిపోతాయి, అంచు ఒక్కటే చిన్న వంకలా బయటికి కనబడుతుంది. మట్టి ఆరాక పైపొర తీసి జల్లెడ పడతాం. వానాకాలం ముందు ఆ లైనులో టార్పాలిన్ పరుస్తాం, అది ఇంకా తేలిక.

చేతికి గ్లవ్స్ వేసుకోండి. టోపీలో ఏరుకోవద్దు. ఇది చూడ్డానికి సహజంగానే ఉంటుంది, టోపీ తీసి తిరగేసి అందులో గుప్పెళ్లు గుప్పెళ్లు వేసి, బల్ల మీద పోసి, అదే టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకుంటారు. మసి, సీసం అంతా జుట్టులోకి, చెమటతో మొహం మీదికి. జేబుల్లో కూడా వద్దు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి దీనికే ఉంచండి.

లెక్క

తూటాల పెట్టె ఇచ్చేటప్పుడు నా రిజిస్టర్లో సంతకం పెడతారు కదా. తిరిగొచ్చేటప్పుడు నాకు కావలసింది మూడు అంకెలు: ఎంప్టీలు ఎన్ని, మిగిలిన లైవ్ ఎన్ని, పేలనివి ఎన్ని. మూడూ కలిపితే ఇచ్చినన్ని రావాలి. పాతిక మీటర్ల పిస్టల్ పోటీలో ప్రెసిషన్ 30, ర్యాపిడ్ 30, రెండింటికీ ముందు అయిదేసి సైటర్లు (స్కోరుకి లెక్కపెట్టని షాట్లు), వెరసి 70. పోటీ సాధన అయ్యాక డబ్బాలో 69 ఉంటే 70వది దొరికేదాకా ఎవరం ఇంటికి పోం. ఎన్‌సీసీలో చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఫైరింగ్ అయ్యాక వరసలో నిలబెట్టి, తమ దగ్గర లైవ్ రౌండ్ గానీ ఎంప్టీ గానీ లేదని ఒక్కొక్కరిచేతా చెప్పిస్తారు. అది ఆచారం కోసం కాదు.

ఒక ఎంప్టీ కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, లెక్కలో ఎంప్టీ తగ్గిందంటే దాని స్థానంలో లైవ్ ఒకటి ఎక్కడో ఉందని అర్థం అయ్యుండొచ్చు. కిందపడి మ్యాట్ అంచు కిందికి దొర్లిన లైవ్ కావచ్చు, ఎవరి జేబులోనైనా ఉండిపోయిన లైవ్ కావచ్చు. అదీగాక ఎంప్టీలు చెడ్డచేతుల్లో పడితే దొంగచాటుగా మళ్లీ నింపేవాళ్లున్నారు, జరగని కాల్పులు జరిగాయని చూపించడానికి ఎక్కడో పారేసేవాళ్లున్నారు. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాడికి ఇవన్నీ తెలుసు.

అమెరికావాళ్ల వీడియోలు చూసి కుర్రాళ్లు అడుగుతుంటారు, "ఈ ఇత్తడి మనమే రీలోడ్ చేసుకోవచ్చు కదా సార్" అని. .22లో కుదరదు. ప్రైమర్ మందు (పిన్ను దెబ్బకి ముందుగా అంటుకునేది) కేసు అంచు లోపలే పోసి ఉంటుంది, దాన్ని మార్చడానికి ఉండదు. సెంటర్ ఫైర్‌లో, అంటే ప్రైమర్ కేసు అడుగు మధ్యలో ఉండే 9 ఎంఎంలాంటి వాటిలో, సాంకేతికంగా కుదురుతుంది గానీ, మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు.

ఎంప్టీని చదవడం

ఇది నాకిష్టమైన భాగం. గురి బాగోలేదని వచ్చినవాడి టార్గెట్ కోచ్ చూస్తే, నేను అతని ఎంప్టీలు చూస్తాను.

.22 ఒకటి తీసుకుని అంచు వెలుతురుకి తిప్పండి. ఫైరింగ్ పిన్ కొట్టిన చోట చిన్న నొక్కు కనబడుతుంది. లోతుగా, అంచులు తేరి ఉంటే మంచిదే. పల్చగా గీసినట్టుంటే పిన్ను అరిగింది, లేదా దాని గూట్లో మురికి పేరుకుంది. ఒకే అంచు మీద రెండు నొక్కులుంటే మొదటిసారి పేలలేదు, రెండోసారి కొట్టారు. కాల్చినవాడు ఆ మాట నాతో చెప్పాలి, చాలామంది చెప్పరు.

కేసు పక్కల మసి చూడండి. మూతి దగ్గర కొంచెం ఉండడం మామూలే. ఒక పక్కనంతా అడుగుదాకా నల్లటి చార పాకి ఉంటే ఒత్తిడి చాలక కేసు చాంబర్‌ని సరిగ్గా మూయలేదన్నమాట, గ్యాసు వెనక్కి కారింది. మూతి నిలువుగా చీలితే ఆ పెట్టెలోని తూటాలన్నీ పక్కన పెట్టండి. 9 ఎంఎంలో మధ్యనున్న ప్రైమర్ బాగా చదునుగా నొక్కుకుపోయినా, ఊడి బయటికొచ్చినా ఒత్తిడి ఎక్కువైందని అనుమానించాలి, ఆ తూటాలు ఆపెయ్యాలి.

పడే చోటు కూడా మాట్లాడుతుంది. రోజూ మీ కుడి వెనక్కి రెండుమూడు అడుగుల అవతల పడేవి, ఈరోజు కాళ్లదగ్గరే నీరసంగా రాలుతున్నాయంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవట్లేదు. మురికి, బలహీనమైన తూటాలు, లేదా మణికట్టు సడలించి పట్టుకోవడం. పిస్టల్ అదే, తూటాలు అవే, మీ చేతిలో రాలి నా చేతిలో ఎగిరితే తప్పు మణికట్టుదే. మొహం మీదికి రావడం మొదలెడితే ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ చూపించండి.

ఒక్కోసారి ఎంప్టీ బయటికి పోకుండా కిటికీలోనే నిలువుగా ఇరుక్కుంటుంది. వేలు తీసి, మూతి బట్ వైపే ఉంచి, ఖాళీ చెయ్యి పైకెత్తండి. పోటీలోనూ ఇదే పద్ధతి. ఎంప్టీ బయటికి రాకపోవడాన్ని షూటర్ తప్పు కాని లోపంగానే నియమాలు ఒప్పుకుంటాయి. ఆత్రపడి దాన్ని మీరే లాగేస్తే ఆ హక్కు పోతుంది. నేర్చుకునేటప్పుడైతే మరీ లాగొద్దు, అరచెయ్యి మూతి ముందుకొచ్చే ప్రమాదముంది.

పేలకపోతే ముప్ఫై సెకన్లు మూతి అలాగే బట్ వైపు ఉంచి ఆగండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆ తర్వాత తీసిన తూటా నాకే ఇవ్వాలి, ఎంప్టీల డబ్బాలో వెయ్యకూడదు. పేలిన చప్పుడు మామూలుగా కాక ఫట్‌మని నీరసంగా వచ్చి, ఎంప్టీలో కాలని మందు రవ్వలు కనబడితే ఇంకో షాట్ అస్సలు కాల్చొద్దు. బుల్లెట్ బారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు.

చేతులు, చింతపండు, చిలుం

ప్రైమర్‌లో సీసం ఉంటుంది, .22 బుల్లెట్ సీసమే. ఎంప్టీకున్న మసిలో ఆ సీసం ఉంటుంది. టీ తాగేముందు, సమోసా ముట్టుకునేముందు సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు, మొహం కడుక్కోవాలి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ సీసాన్ని తియ్యదు. బట్టలు ఇంట్లో పసిపిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి. ఎంప్టీని పెదాలకి ఆనించి ఈల ఊదే పిల్లల్ని చూశాను, ఊదడం నేర్పించిన నాన్నల్నీ చూశాను. నాన్నలకే ముందు చెప్పాలి.

మన సముద్రగాలికి ఎంప్టీలు నాలుగు రోజుల్లో నల్లబడి, నెలలో పచ్చటి చిలుం పడతాయి. అవి తుక్కుకే పోతాయి కనక తోమక్కర్లేదు. వంటింట్లో చింతపండు, గిన్నె మాత్రం అసలొద్దు. లైవ్ రౌండ్లకి చిలుం పట్టినా మెరుగుపెట్టే ద్రావణంతో తుడవొద్దు, అలాంటి ద్రావణాల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. 19వ శతాబ్దంలో మన దేశంలో బ్రిటిష్ సైన్యం నిలవ ఉంచిన ఇత్తడి కేసులు వానాకాలంలో ఎవరూ ముట్టుకోకుండానే పగిలిపోయేవి. గుర్రపుసాలల్లో మూత్రంలోంచి వచ్చిన అమ్మోనియా, గాలిలో తేమ కలిసి ఇత్తడిని పగలగొడుతున్నాయని 1921లో గానీ తేల్చలేకపోయారు. ఆ వానాకాలం తేమ మనకీ ఉంది, అందుకే మా తూటాల అల్మరా బాత్రూం గోడకి ఆనించి లేదు.

తుక్కుకి వెళ్లేముందు ఇద్దరు మనుషులు వేర్వేరుగా చూస్తారు, మధ్యలో లైవ్ ఒక్కటి కూడా లేదని తేలాకే ఎంప్టీల మూతులు నొక్కి చదును చేయిస్తాం. కాగితాలతో, లెక్కతో పోతాయి. 9 ఎంఎం ఎంప్టీ ఒక్కటి నాలుగు గ్రాములకి కాస్త తక్కువ, .22 గ్రాము కూడా తూగదు. గాజువాక ఆటోనగర్‌లో ఎవరికో అమ్మితే టీ డబ్బులొస్తాయని ఆశపడేవాడు ఈ తూకం ఒకసారి గుర్తు చేసుకోవాలి. అందులో పొరపాటున లైవ్ పడి కొలిమిలోకి పోతే ప్రాణాలు పోయేది ఆ తుక్కు కుర్రాడివి.

ఇంటికెళ్లేముందు

గేటు దగ్గర నిలబడి ఇవి వెతకండి: ప్యాంటు అంచు మడత, చొక్కా జేబు, బ్యాగు అడుగు కుట్లు, బూటు అడుగు గాడులు. .22 ఎంప్టీ బూటు గాడిలో ఇరుక్కుంటే నడుస్తున్నప్పుడు టిక్కుటిక్కుమంటుంది గానీ, రోడ్డు మీద ఆ చప్పుడు వినబడదు. రేంజికి తెచ్చే బ్యాగు రేంజికే ఉంచండి. అదే బ్యాగులో బట్టలు సర్దుకుని ఢిల్లీ విమానం ఎక్కబోతే ఎయిర్‌పోర్టు స్కానర్‌లో ఇత్తడి కనబడుతుంది, తిరుమల వెళ్తే అలిపిరి దగ్గర ఆపుతారు. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ ఆ సెక్షను మీరు స్కానర్ పక్కన నిలబడి, విమానం వెళ్లిపోతుండగా, ఒక్కొక్క అధికారికీ వివరించుకోవాలి. ఎంప్టీ కాక లైవ్ దొరికిందంటే ఆ వివరణ పోలీస్ స్టేషన్‌లో.

ఇంటికెళ్లాక బ్యాగులో లైవ్ కనబడితే చెత్తబుట్టలో వెయ్యొద్దు, సముద్రంలో విసరొద్దు, జేబులో వేసుకుని మీరే బస్సెక్కి తీసుకురావొద్దు. పిల్లలకి అందని చోట పెట్టి వెంటనే రేంజికి ఫోన్ చెయ్యండి. దాన్ని ఎవరు, ఏ కాగితంతో వెనక్కి తేవాలో మేం చెప్తాం. ఎంత రాత్రయినా చెయ్యండి. ఆ పూట రిజిస్టర్‌లో ఒకటి తక్కువ పడి ఉంటుంది కదా, నేనూ మెలకువగానే ఉంటాను.